విశాఖ నుంచి అరకుకి: ఇంటిల్లిపాదీ టెంటులో తొలి రాత్రి గడపడం ఎలా

పిల్లలకు టెంటు అంటే పండగే. ఇబ్బందంతా పెద్దవాళ్లకే: వెన్ను కింద రాయి, తెల్లవారుజామున ఎముకలు కొరికే చలి, చీకట్లో బాత్రూమ్‌కి నడక. ఈ మూడూ ముందే సర్దుకుంటే మిగతాదంతా దానంతటదే బాగుంటుంది. అందుకే తొలిసారి వెళ్లేవాళ్లు వంట మీద, ఫొటోల మీద కంటే ఆ రాత్రి అందరూ నిద్రపోవడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. రాత్రి నిద్ర పట్టిన ఇంట్లోనే "మళ్లీ ఎప్పుడు వెళ్దాం" అన్న మాట వస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకూ మంచి కాలం. అక్టోబరు, నవంబరు మొదట్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడుతుంటాయి. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది అక్టోబరు 12న. కాబట్టి ఆ రోజుల్లో వెళ్లాలనుకుంటే బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. వానాకాలంలో అనంతగిరి పచ్చగా కళ్లు చెదిరేలా ఉంటుంది గానీ జలగలు, బురద, జారే రాళ్లతో తొలిసారి వెళ్లే కుటుంబానికి అది కాలం కాదు.

బీచ్ దగ్గరే కదా అని మొదట అటు చూడకండి. ఇసుకలో మామూలు మేకులు నిలవవు, ఉప్పు గాలికి టెంటు జిప్పులు పట్టేస్తాయి, మన తీరంలో అలల లాగుడు ఎక్కువ కాబట్టి పిల్లల మీద నుంచి ఒక్క నిమిషం చూపు తిప్పలేం. అరకు, అనంతగిరి చుట్టుపక్కల డబ్బు తీసుకుని స్థలమిచ్చే క్యాంపులు చాలా ఉన్నాయి. తొలిసారికి అవే సరైనవి. అక్కడి భూములు చాలావరకు గిరిజనులవి, మిగతాది అటవీ శాఖది. రోడ్డు పక్కన ఖాళీగా కనిపించిందని టెంటు వేయడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు. ఇక లంబసింగిలో చలి ఒక్కోసారి సున్నా దగ్గరకు దిగుతుంది. చంటిపిల్లలతో మొదటిసారే అక్కడికి వద్దు.

క్యాంపు వాళ్లకు ఫోన్ చేసినప్పుడు అద్దె కంటే ముందు ఇవి అడగండి. బాత్రూమ్‌లు ఎన్ని, వెస్టర్న్ కమోడ్ ఉందా, రాత్రంతా నీళ్లు, లైటు ఉంటాయా? కారు ఎంత దగ్గరకు వస్తుంది? శనివారం రాత్రి సౌండ్ బాక్సులు పెడతారా? ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. పక్క గుంపు పాటలు రాత్రి ఒంటిగంట దాకా మోగితే మీరు చేసుకున్న ఏర్పాట్లన్నీ వృథా. వీలైతే ఆదివారం రాత్రి ఉండి సోమవారం తిరిగి రండి.

టెంటు, దానితో పాటు కొనాల్సినవి

టెంటు మీద "4 పర్సన్" అని రాసి ఉంటే నలుగురు సామాన్లు లేకుండా భుజం భుజం రాసుకుని పడుకోవచ్చని అర్థం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలైతే ఆరుగురి టెంటు తీసుకోండి. పైన వాన కవరు విడిగా ఉండాలి. నేల భాగం మందపాటి ప్లాస్టిక్ గుడ్డతో నాలుగు వైపులా జానెడు ఎత్తు లేచి ఉండాలి. ఒకే పొరతో వచ్చే చవక టెంట్లు మంచుకే తడిసిపోతాయి.

టెంటుతో వచ్చే సన్నటి మేకులు అరకు ఎర్రమట్టిలో వంగిపోతాయి, ఎందుకంటే చలికాలంలో ఆ నేల పైన బిగుసుకుపోయి ఉంటుంది. హార్డ్‌వేర్ కొట్లో ఏడంగుళాల ఇనుప మేకులు డజనున్నర, చిన్న సుత్తి ఒకటి కొనుక్కోండి. ఒక బరకం (టార్పాలిన్), 15 మీటర్ల నైలాన్ తాడు, మనిషికో టార్చి (పిల్లలకు కూడా ఎవరిది వాళ్లకే), టెంటు లోపల వేలాడదీసేందుకు ఛార్జింగ్ లైటు ఒకటి. కరెంటు దీపం తప్ప కొవ్వొత్తి, మస్కిటో కాయిల్ టెంటులో వెలిగించకూడదు. ఆ గుడ్డకు నిప్పంటుకుంటే బయటపడేందుకు సమయం చిక్కదు.

ముందు మేడ మీద ఒక రాత్రి

వెళ్లడానికి వారం ముందు మీ మేడ మీదే టెంటు వేసి అందరూ అందులో పడుకోండి. మేకులు దిగవు కాబట్టి మూలలకు ఇటుకలో, నీళ్ల క్యాన్లో కట్టండి. ఏ కర్ర ఎందులోకి వెళ్తుందో, జిప్పు ఎక్కడ పట్టేస్తుందో, నానమ్మ మోకాళ్లకు వంగి లోపలికి దూరడం కుదురుతుందో లేదో ఆ రాత్రే తేలిపోతుంది. ఆవిడకు కుదరకపోతే క్యాంపులో గదో, నవారు మంచమో మాట్లాడి పెట్టండి. పిల్లలకు లోపల భయమేస్తే ఇల్లు నాలుగు మెట్ల దూరంలోనే ఉంది.

ప్రయాణం

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. పిల్లలకు వాంతులయ్యేది అక్కడే. కడుపు మరీ ఖాళీగానూ వద్దు, నిండుగానూ వద్దు. బయల్దేరే ముందు రెండు ఇడ్లీలు చాలు. నూనె పూరీలు, పాలు వద్దు. ఘాట్‌లో ఫోన్ చూడనివ్వకండి, ఎదురుగా రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టి అద్దం కాస్త దించండి. మాత్ర వేయాల్సి వస్తే పిల్లల డాక్టరును ముందే అడిగి తీసుకోండి. పెట్రోలు శృంగవరపుకోటలోనే నింపుకోండి. ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు కాబట్టి చేతిలో కొంత నగదు ఉంచుకోండి.

డిసెంబరులో ఐదున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు. కొండ నీడ అంతకంటే ముందే పడుతుంది. మధ్యాహ్నం మూడింటికల్లా క్యాంపులో ఉండాలని లెక్క వేసుకుని బయల్దేరండి. బొర్రా గుహలు, కటికి జలపాతం దారిలోనే కదా అని ఆగితే చీకట్లో టెంటు వేయాల్సొస్తుంది. అవి తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. పొద్దుగూకాక ఘాట్‌లో పొగమంచు దిగితే పది అడుగుల ముందు ఏముందో కనబడదు.

చోటు ఎంచుకోవడం

గెడ్డ (కొండవాగు) ఒడ్డు ఎంత అందంగా ఉన్నా అక్కడ వేయకండి. పైన కొండ మీద వాన పడితే ఇక్కడ చినుకు రాలకుండానే నీరు పొంగుతుంది. పైగా రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లంలోకి జారి అక్కడే నిలుస్తుంది. గెడ్డకు రెండు మూడు నిలువుల ఎత్తున ఉన్న చోటుకీ, ఒడ్డుకీ చలిలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల కొమ్మలు పెళుసు. గాలికి విరిగి పడతాయి. ఏ చెట్టు కిందైనా రాత్రంతా మంచు బొట్లు బొట్లుగా రాలుతూనే ఉంటుంది. ఉదయపు ఎండ తగిలేలా తూర్పు తెరిపి ఉన్న చోటు చూడండి. టెంటు త్వరగా ఆరుతుంది, పిల్లలు త్వరగా వెచ్చబడతారు. చోటు కుదిరాక టెంటు విప్పకముందే అక్కడ ఒకసారి వెల్లకిలా పడుకుని చూడండి. కాళ్లవైపు తలకంటే కాస్త పల్లంగా ఉంటే ఫర్వాలేదు. తల పల్లంగా ఉంటే నిద్ర పట్టదు, పక్కకు వాలుగా ఉంటే రాత్రంతా ఒకరి మీదకొకరు దొర్లుతారు. వీపుకు తగిలిన ప్రతి రాయినీ, మోడునీ ఇప్పుడే తీసేయండి. చీమల పుట్టలు, ఎలుక బొరియలు దగ్గర్లో ఉంటే చోటు మార్చేయండి.

టెంటు వేయడం

ముందు బరకం పరవండి. దాన్ని టెంటు నేల కంటే నాలుగు వేళ్లు లోపలికే ఉండేలా అన్ని వైపులా కిందికి మడవాలి. అంచు బయటకు కనిపిస్తే టెంటు మీద నుంచి జారిన నీరు బరకం మీద పడి, నేరుగా మీ పక్క కిందికి చేరుతుంది. వాన పడ్డ రాత్రి "టెంటు లీకైంది" అనుకునేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

దాని మీద టెంటు పరిచి, తలుపు గాలికి ఎదురుగా కాకుండా తిప్పండి. ఫైబర్ కర్రల ముక్కలు ఒకదాంట్లో ఒకటి పూర్తిగా దిగాయో లేదో ప్రతి అతుకూ వేలితో తడిమి చూడండి. సగం దిగిన చోటే కర్ర చీలుతుంది. కర్రను గుడ్డ గొట్టంలోకి తోస్తూ పోవాలి, అవతలి నుంచి లాగకూడదు. లాగితే లోపల ముక్కలు విడిపోయి మళ్లీ మొదటికొస్తుంది. ఇద్దరు చెరోవైపు నిలబడి ఒకేసారి వంచితే టెంటు లేస్తుంది.

మేకులు నిటారుగా కొట్టకండి. తల టెంటుకు అవతలి వైపు వాలి, మొన టెంటు వైపు ఉండేలా ఏటవాలుగా దించాలి. అప్పుడు తాడు లాగే కొద్దీ మేకు నేలను పట్టుకుంటుంది. వాన కవరు వేశాక అది లోపలి గుడ్డకు ఎక్కడా తగలకుండా నాలుగు వైపులా తాళ్లు బిగించండి. తగిలిన చోట తడి లోపలికి దిగుతుంది. ప్రతి తాడుకూ ఒక తెల్ల గుడ్డ పీలిక కట్టండి, లేకపోతే చీకట్లో పిల్లల కాళ్లు చిక్కుకుంటాయి.

చలి పైనుంచి కాదు, కిందనుంచి

ఎత్తు పెరిగిన ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. పైగా అది చుట్టూ కొండలున్న లోయ. విశాఖలో స్వెట్టర్ అక్కర్లేని జనవరి రాత్రి, అక్కడ పది డిగ్రీల కిందికి దిగడం మామూలే.

ఇంట్లో అలవాటు కొద్దీ అందరూ పైన కప్పుకోవడానికి రెండేసి రగ్గులు తెస్తారు, కిందికి ఒక చాప. ఇది తిరగబడాలి. మన బరువుకి కింది బొంతలో గాలి అంతా నలిగిపోతుంది, నేల ఒంట్లో వేడిని లాగేసుకుంటుంది. కాబట్టి కింద మొదట సెంటీమీటరు మందం ఫోమ్ షీటు, దాని మీద మందపాటి బొంతలు రెండు. పైన మనిషికి ఒక రగ్గు, ఒక దుప్పటి చాలు. గాలి పరుపు తెచ్చుకుంటే దాని మీద కూడా బొంత వేయండి, లోపలి గాలి చల్లబడి వీపు గడ్డకడుతుంది.

పగలు తిరిగిన బట్టలతో పడుకోకండి. చెమట ఆరని నూలు బట్ట ఒంటిని చల్లబరుస్తుంది. పడుకునే ముందు అందరూ పొడి బట్టల్లోకి మారి, మేజోళ్లు, మంకీ క్యాప్ వేసుకోవాలి. పిల్లలు మధ్యలో, పెద్దలు అంచుల్లో. తలుపు దగ్గర రాత్రి లేచే అలవాటున్నవాళ్లు. స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, తువ్వాలు చుట్టి పిల్లల పాదాల దగ్గర పెడితే తెల్లారేదాకా కదలరు. చంటిపిల్లలకు మాత్రం వేడి సీసా పెట్టకండి, సున్నితమైన చర్మం కాలుతుంది.

చలికి భయపడి కిటికీలన్నీ మూసేస్తే మన ఊపిరిలోని తేమ పై గుడ్డకు చేరి, చల్లబడి, తెల్లారేసరికి ముఖాల మీద చుక్కలు పడతాయి. ఎదురెదురు కిటికీలు రెండూ నాలుగేసి వేళ్లు తెరిచే ఉంచండి, దోమతెర జిప్పు మాత్రం పూర్తిగా మూయండి. కుంపటి గానీ, నిప్పుల బకెట్ గానీ ఆరిపోయినట్టు కనిపించినా టెంటులోకి తేకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తిండి, నీళ్లు

తొలి రాత్రి వంట పెద్దగా పెట్టుకోవద్దు. ఇంట్లో చేసిన పులిహోర మధ్యాహ్నానికి సరిపోతుంది. రాత్రికి అన్నం, పప్పు కుక్కర్‌లో ఒకేసారి. నలుగురికి అరకిలో పైన బియ్యం, 150 గ్రాముల కందిపప్పు, పక్కన ఆవకాయ, కరివేపాకు పొడి. ఆ ఎత్తులో నీళ్లు కాస్త తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి మూకుడు మూతతో వండితే ఆలస్యమవుతుంది, కుక్కర్‌లో ఆ తేడా తెలియదు. కొబ్బరి పచ్చడి తీసుకెళ్లొద్దు, చేరేసరికే పులుస్తుంది. పొద్దున్నకి ఉప్మా: గ్లాసు రవ్వకు మూడు గ్లాసుల నీళ్లు, పోపు సామాన్లు ఒకే డబ్బాలో ఇంటి దగ్గరే కలిపి పెట్టుకోండి. దారిలో చోడి (రాగి) పిండి దొరికితే అంబలి కాచండి, ఆ చలికి అంతకు మించిన పలహారం లేదు.

చిన్న బ్యూటేన్ క్యాన్ స్టవ్ అయితే తెల్లవారుజామున మంట సన్నబడుతుంది. గ్యాస్ అయిపోయిందని పారేయకండి. వాడే కొద్దీ క్యాన్ చల్లబడి లోపలి ద్రవం ఆవిరవడం తగ్గుతుంది, అంతే. రాత్రి క్యాన్‌ను సంచిలో గుడ్డల మధ్య ఉంచి, పొద్దున్నే కాసేపు చేతుల మధ్య పట్టుకుంటే మళ్లీ మండుతుంది. మంట దగ్గర పెట్టి వేడి చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, పేలుతుంది. వంట టెంటుకు పది అడుగుల దూరంలో, గాలి వాలు చూసుకుని.

నలుగురికి ఒక రాత్రికి తాగడానికి, వంటకు 20 లీటర్ల క్యాన్ ఒకటి. కడుక్కోవడానికి ఇంకొకటి. గెడ్డ నీళ్లు తేటగా ఉన్నా మరిగించకుండా పిల్లలకు పట్టొద్దు.

తిండి ఏదీ టెంటులో ఉంచకూడదు, బిస్కెట్ పొట్లం కూడా. వాసనకి చీమలు, ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పాములు. పగలైతే కోతులు. అన్నీ డబ్బాల్లో పెట్టి కారులో తాళం వేయండి. చెత్త కూడా సంచిలో కట్టి విశాఖ తెచ్చేయండి, కొండల్లో ఊళ్లకు చెత్త బండ్లు రావు.

మంట వేసుకోవాలంటే క్యాంపు వాళ్లు చూపించిన చోటే. ఆర్పేటప్పుడు మట్టి కప్పి వదిలేస్తే కింద నిప్పు గంటల తరబడి ఉంటుంది. పొద్దున్నే వట్టి కాళ్లతో పరిగెత్తే పిల్లలు దాన్ని తొక్కుతారు. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి దగ్గర పెడితే వెచ్చదనం తగలనంత వరకు ఆపకండి.

చీకటి పడ్డాక

వెలుతురు ఉండగానే అందరూ బాత్రూమ్ దాకా ఒకసారి నడిచి దారి చూసుకోండి. దారి మధ్యలో చిన్న లైటు ఒకటి వేలాడదీయండి. పడుకునే ముందు పిల్లలందర్నీ తీసుకెళ్లి రావాలి. రాత్రి రెండింటికి లేవాల్సిన బాధ సగం తప్పుతుంది. ఆడవాళ్లు, ఆడపిల్లలు రాత్రి లేవాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేస్తుంటారు. తలనొప్పి, ఒళ్లు నొప్పులు దానివల్లే. తోడు ఎవరు లేవాలో ముందే మాట్లాడుకుంటే ఆ జంకు ఉండదు.

పాముల గురించి భయం కంటే పద్ధతి ముఖ్యం. కట్లపాము రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు. నేల కుట్టి ఉన్న టెంటులో జిప్పు పూర్తిగా మూసి పడుకుంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. కాబట్టి "ఒక్క నిమిషమే కదా" అని జిప్పు తెరిచి వెళ్లకండి. చెప్పులు లోపల సంచిలో పెట్టుకోండి, వేసుకునే ముందు దులపండి. టార్చి లేకుండా అడుగు వేయొద్దు. ఎవరికైనా కాటు పడిందని అనుమానమొచ్చినా తాడు కట్టడం, కోయడం, పసరు పూయడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోన్ చేసి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. వాపు లేదని ఆగిపోవద్దు.

ఈ పనులన్నీ ఏడింటికి అయిపోతే ఇక రాత్రంతా మీదే. లైట్లు ఆర్పి పది నిమిషాలు చీకటికి కళ్లు అలవాటు పడనివ్వండి. డిసెంబరు రాత్రి ఎనిమిదింటికి తూర్పున గొల్లకావడి నిలువుగా లేస్తూ కనిపిస్తుంది, మూడు చుక్కలు వరసగా. దానికి పైన గుప్పెడు చుక్కల పిల్లలకోడి. విశాఖ వీధి దీపాల వెలుగులో ఎన్ని చుక్కలున్నాయో తేలని ఆ గుంపును పిల్లలతో లెక్కపెట్టించండి. ఆరు కనిపిస్తే చూపు బాగున్నట్టే. ఉల్కలు చూడాలనుంటే డిసెంబరు 13, 14 రాత్రులు ఎంచుకోండి, జెమినిడ్లు అప్పుడే ఎక్కువ రాలతాయి. చీకటంటే బాగా భయపడే పిల్లలుంటే మాత్రం మొదటిసారి పౌర్ణమి దగ్గర్లో వెళ్లండి, చుక్కలు తగ్గినా వెన్నెల ధైర్యమిస్తుంది.

పొద్దున్న, తిరిగి వచ్చాక

ఆరింటికి లేవండి. అడవికోళ్లు కూసే వేళకి లోయంతా మంచు నిండి ఉంటుంది. ఎండ ఎక్కే కొద్దీ అది పలచబడుతూ కింద పొలాలు ఒక్కొక్కటే బయటపడతాయి. నవంబరులో అయితే అవి పసుపు పచ్చటి వలిసె పూలు. దుప్పట్లు కప్పుకుని టీ తాగుతూ చూడాల్సిన గంట అది, సామాన్లు సర్దే పని తర్వాత పెట్టుకోండి. కాఫీ తోటల్లో ఎర్రగా పండిన కాయలు పిల్లలకు చూపించండి గానీ అడక్కుండా కోయనివ్వకండి, అది వాళ్ల ఏడాది పంట.

టెంటు లోపలి నుంచి పొడి తువ్వాలుతో తుడిచి, వాన కవరు విడిగా తిరగేసి ఎండకు వేయండి. ఎనిమిదిన్నరకు కవరు పైభాగం ఆరినట్టే ఉంటుంది. కానీ నేల అడుగు, అంచు కుట్లు తడిగానే ఉంటాయి. మేకులు బట్టలో చుట్టి వేరే పెట్టండి. ఇంటికి వచ్చాక ఎంత అలసట ఉన్నా మర్నాటికల్లా మేడ మీద మళ్లీ అంతా విప్పి నీడలో పూర్తిగా ఆరబెట్టండి. విశాఖ గాలి తేమకు తడి టెంటు మూడు రోజుల్లో నల్లమచ్చలు పడుతుంది, ఆ బూజు వాసన మళ్లీ పోదు. ఆరాక అటక మీద వదులుగా మడిచి పెట్టండి, బిగించి కట్టొద్దు.

ఇంకొక్కటి. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంది. అక్కడ సాయంత్రం ఐదు నుంచే నిండు చేతుల చొక్కాలు, దోమల క్రీము తప్పనిసరి. తిరిగి వచ్చిన నెల రోజుల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా సొంతంగా మాత్రలు వేసుకుని చూడొద్దు. డాక్టరుకు మొదటి మాటగా అరకు వెళ్లొచ్చామని చెప్పి, అదే రోజు రక్త పరీక్ష చేయించండి.